ఎవరి చేత రాయిద్దాం?

రికమండేషన్ అనే మాట వినగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది తిరుమల దర్శనం. ఎమ్మెల్యేగారి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు, కింద సంతకం, దాని పక్కన రబ్బరు స్టాంపు ఉంటే స్వామి కాస్త తొందరగా కనిపిస్తాడని ఆశ. ఒకప్పుడు గ్యాస్ కనెక్షన్‌కీ, టెలిఫోన్‌కీ, పిల్లాడి కాలేజీ సీటుకీ కూడా అదే దారి. రాసే పెద్దమనిషికి మనమెవరో తెలియక్కర్లేదు. మధ్యలో తెలిసినవాళ్లు ఒకరుంటే చాలు. ఆ కాగితం విలువంతా సంతకంలోనే ఉంటుంది. పైన ఏం రాశారో ఎవరూ చదవరు.

బిజినెస్ స్కూళ్లు అడిగే రికమండేషన్ లెటరుకీ పేరు అదే. వ్యవహారం మాత్రం పూర్తిగా తలకిందులు. అక్కడ పైన రాసిందే చదువుతారు, సంతకం తర్వాత చూస్తారు. ఈ తేడా మీద మా ఇంట్లో రెండు నెలలు చర్చ నడిచింది.

మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, విశాఖ పోర్టులో ఓడల నుంచి సరుకు దింపించే ఒక ప్రైవేటు కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఎంబీఏ చెయ్యాలని దాని కోరిక. క్యాట్ రాసి ఐఐఎంకి వెళ్లే దారి ఉండనే ఉంది. 2015లో మన ఊరికే ఐఐఎం వచ్చింది. మొదట్లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో నడిచి, తర్వాత గంభీరంలోని సొంత క్యాంపస్‌కి మారింది. క్యాట్‌తో చేరే రెండేళ్ల కోర్సుకి మామూలుగా ఎవరి చేతా ఉత్తరాలు రాయించుకునే పని లేదు. పరీక్ష, పాత మార్కులు, ఇంటర్వ్యూ, ఇవే చూస్తారు.

ఉద్యోగం చేసి వచ్చినవాళ్లని చేర్చుకునే స్కూళ్ల పద్ధతి వేరు. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఐఎస్‌బీ గానీ, విదేశాల్లోని పేరున్న స్కూళ్లు గానీ జీమ్యాట్ లాంటి పరీక్ష స్కోరు, అభ్యర్థి సొంతంగా రాసిన వ్యాసాలు తీసుకుంటాయి. వాటితో పాటు మన గురించి ఇంకొకరు రాసిన ఉత్తరం కూడా అడుగుతాయి. కొన్నిటికి ఒకటి చాలు, కొన్నిటికి రెండు కావాలి. జీమ్యాట్‌కి కోచింగ్ సెంటర్లున్నాయి. వ్యాసాలు దిద్దిపెట్టే సలహాదారులున్నారు. ఈ ఉత్తరం ఒక్కటే మన చేతుల్లో లేనిది. మన చేతిలో ఉన్నదల్లా ఎవరిని అడగాలన్నదే.

చర్చ మొదలుపెట్టింది అమ్మాయి మేనమామ. ‘‘బావా, ఎమ్మెల్యేగారి పీఏ నాకు బాగా తెలుసు. ఒక్క ఫోన్ కొడితే లెటర్‌హెడ్ ఇంటికొచ్చేస్తుంది’’ అన్నాడు. మా ఆవిడ ఓటు కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి. ‘‘నాలుగేళ్లు డిస్టింక్షన్‌లో పాసైంది, ఆయన కాదంటారా?’’ అంది. అమ్మాయి మనసులో మాత్రం వాళ్ల కంపెనీ వైస్ ప్రెసిడెంటు ఉన్నాడు. ఆయన విదేశంలో ఎంబీఏ చేసి వచ్చినవాడు. ముంబై నుంచి మూడు నెలలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా అమ్మాయిని పేరు పెట్టి పలకరిస్తాడు.

నేను ఈ ఊళ్లోనే ఒక కర్మాగారంలో 30 ఏళ్లు షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లకి ఇలాంటి ఉత్తరాలు కొన్ని రాశాను. అందుకని వాదన పెంచకుండా ఒకే మాటన్నాను. ‘‘ముందు వాళ్లు అడిగే ప్రశ్నలు చదువుదాం. వాటికి జవాబు ఎవరి దగ్గరుందో చూద్దాం.’’

జీమ్యాట్ నిర్వహించే సంస్థ ఈ ఉత్తరాల కోసం ఒక ఉమ్మడి నమూనా తయారుచేసింది. చాలా స్కూళ్లు దాన్నే వాడుతున్నాయి. అందులో ముఖ్యమైన ప్రశ్నలు మూడు. ఈ అభ్యర్థి మీకు ఎలా తెలుసు, మీ దగ్గర ఏ పని చేసేవారు? అదే స్థాయిలో పనిచేసే ఇతర సమర్థులతో పోలిస్తే ఈమె పని ఎలా ఉంటుంది, ఉదాహరణలు చెప్పండి. మీరు ఈమెకు చెప్పిన అతి ముఖ్యమైన దిద్దుబాటు ఏమిటి, ఎప్పుడు చెప్పారు, విని ఈమె ఏం చేసింది?

మూడో ప్రశ్న చదవగానే ఇంట్లో అందరూ నిశ్శబ్దం అయిపోయారు. ఎమ్మెల్యేగారు మా అమ్మాయిని ఎప్పుడూ మందలించలేదు. మందలించడానికి ఆయనకి అదెవరో తెలియాలి కదా! ప్రిన్సిపాల్‌గారు మెచ్చుకోవడమే తప్ప మాట అన్నది లేదు. పైగా ఆయన చూసింది చదువుకునే పిల్లని. పనిచేసే మనిషిని కాదు. వైస్ ప్రెసిడెంటుగారికి తెలిసింది రిపోర్టుల్లో కనిపించే పేరు మాత్రమే. ఆయన రాస్తే కష్టపడే స్వభావం, చక్కటి నాయకత్వం, ఉజ్వల భవిష్యత్తు లాంటి మాటలతో ఉత్తరం బ్రహ్మాండంగా ఉంటుంది. పేరు మార్చేస్తే ఆ ఉత్తరమే పక్కసీటు అబ్బాయికీ సరిపోతుంది.

‘‘మరి నిన్ను తిట్టిందెవరే?’’ అని అడిగాను. అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. ‘‘ఇంకెవరు నాన్నా, మా షిఫ్ట్ మేనేజర్‌గారే.’’

ఆయనది శ్రీకాకుళం జిల్లా. డిప్లొమా చదివి, సూపర్‌వైజర్‌గా చేరి, పాతికేళ్లు రేవులోనే ఉండి మేనేజరైనవాడు. షిఫ్టంటే ఏమిటో ఈ ఊళ్లో వేరే చెప్పక్కర్లేదు. స్టీల్‌ప్లాంటు బస్సులు, పోర్టు గేట్ల దగ్గర టీ బడ్లు, గాజువాక ఇళ్లలో పగటిపూట మూసి ఉండే కిటికీలు అన్నీ షిఫ్టు ప్రకారమే నడుస్తాయి. రాత్రి షిఫ్టులో పెద్ద ఆఫీసర్లు ఉండరు. వాన పడుతున్నా, క్రేన్ మొరాయించినా, రైలు రేకు రాకపోయినా అక్కడున్న నలుగురే తేల్చుకోవాలి. మనిషి ఏమిటో అప్పుడు తెలుస్తుంది. అది చూసేది పక్కనున్నవాళ్లే.

అమ్మాయి చేరిన రెండో ఏడాది వానాకాలంలో జరిగిన సంగతి ఇది. ఒక బొగ్గు ఓడ దిగుతోంది. ఒప్పుకున్న గడువు దాటి ఓడ రేవులో ఉండిపోతే ఓడవాళ్లకి రోజుల లెక్కన డబ్బు కట్టాలి. దాన్ని డెమరేజి అంటారు. పోర్టులో పనిచేసేవాళ్లకి నిద్రలో కూడా వినిపించే మాట అది. ఆ రాత్రి వాన వల్ల పని ఆగి ఆగి నడిచింది. మా అమ్మాయి సరుకు దించే వరస మార్చేసి, ఉన్న క్రేన్లతోనే పని ముందుకి నడిపింది. తెల్లారాక అలసిపోయి ఇంటికొచ్చి పడుకుంది. వరస మార్చిన సంగతి పొద్దుటి షిఫ్టువాళ్లకి సరిగ్గా చెప్పలేదు. వాళ్లు పాత ప్లాను ప్రకారం క్రేన్లు సర్దుకుని, మళ్లీ మార్చుకునేసరికి రెండు గంటలు పోయాయి.

మర్నాడు షిఫ్ట్ మేనేజర్ దాన్ని పక్కకి పిలిచాడు. ‘‘ఏటమ్మా, రాత్రి పని చాలా బాగా చేసేవు. పొద్దున్న దాన్నంతా నువ్వే పాడుచేసేవు. నీ డ్యూటీ అయిపోయిందని ఓడ ఆగదు కదా. నీ బుర్రలో ఉన్నది పక్కవాడి చేతిలో పెట్టకుండా ఇంటికెళ్లిపోతే ఏం లాభం?’’ అన్నాడు. అంతే. పైకి రిపోర్టు చెయ్యలేదు.

ఆ వారం నుంచి అమ్మాయి డ్యూటీ దిగేముందు ఒక పేజీ నోటు రాయడం మొదలుపెట్టింది. ఏం మారింది, ఎందుకు మారింది, ఏది మిగిలింది, ఎవరికి చెప్పాలి అంటూ నాలుగు గళ్లు. కొన్ని నెలలకి మిగతా షిఫ్టులవాళ్లూ అదే కాగితం వాడుకోవడం మొదలుపెట్టారు. మూడో ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు ఎవరి దగ్గరుంటుంది?

అయినా దానికి బెరుకు తీరలేదు. ‘‘ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం నాన్నా. పైగా డిప్లొమా. అంత పెద్ద స్కూలువాళ్లు లెక్కచేస్తారా?’’ అంది. ఉత్తరం రాసినవాళ్ల ఇంగ్లీషుకి మార్కులు వెయ్యమని స్కూళ్లే చెబుతుంటాయి. హోదా కన్నా అభ్యర్థి పనిని దగ్గరుండి చూసినవాళ్లే కావాలనీ చెబుతాయి. అది అర్థమైనా మనసు ఒప్పుకోదు. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడి మాటకే విలువ అని పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కదా.

అప్పుడు దానికి మరో పోర్టు గుమాస్తా కథ చెప్పాను. మన విశాఖ రేవు తెరుచుకున్నది 1933లో. అంతకు 21 ఏళ్ల ముందు, 1912లో, మద్రాసు పోర్ట్ ట్రస్టు అకౌంట్స్ విభాగంలో ఓ కుర్రాడు నెలకి 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరాడు. డిగ్రీ లేదు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. దరఖాస్తుతో పాటు ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన ఉత్తరం జతచేశాడు. ఆ కుర్రాడు శ్రీనివాస రామానుజన్.

ఉత్తరం ఉద్యోగం వరకూ తెచ్చింది. ఆ తర్వాత కథ నడిపింది ఆఫీసులో అతని పైఅధికారి నారాయణ అయ్యర్. ఆయనకి గణితం బాగా వచ్చు. సాయంత్రాలు ఇద్దరూ పలకల మీద లెక్కలు చేసుకునేవారట. పోర్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌కి ఈ గుమాస్తా సంగతి చెప్పి, పట్టించుకునేలా చేసింది ఆయనే. 1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి స్వయంగా ఉత్తరం రాశాడు. అంతకుముందు మరో ఇద్దరు కేంబ్రిడ్జి ఆచార్యులకి రాస్తే ఆదరణ దొరకలేదు. ఆ ఫిబ్రవరిలోనే వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చాడు. ఆయనకి స్ప్రింగ్ రామానుజన్ నోటుపుస్తకాలు చూపించాడు. చూసిన వాకర్ మద్రాసు యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. దాంతో నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. మరుసటి ఏడాది రామానుజన్ ఇంగ్లండు ఓడ ఎక్కాడు.

స్ప్రింగ్, వాకర్, హార్డీ అందరూ పెద్దవాళ్లే. కానీ వరసలో ముందున్నది రోజూ పక్కనే కూర్చుని చూసిన మనిషి. పెద్దవాళ్ల మాట చెల్లింది కూడా వాళ్లు నోటుపుస్తకాలు తెరిచి చూశారు కాబట్టే.

మా అమ్మాయి రామానుజన్ కాదు, ఆ సంగతి దానికీ తెలుసు. కథ విని నవ్వి, ‘‘సరే, రేపు అడుగుతాను’’ అంది.

అడగడంలో ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లలకి ఇది తెలియదు. వాళ్లకి కాలేజీ మేష్టార్లు రాస్తారు. పిల్లలు దాన్ని ముద్దుగా ‘రికో’ అంటారు. కాలేజీ వదిలేసేవాడే కాబట్టి మేష్టారికి నష్టం లేదు. ఉద్యోగంలో ఉన్నవాడు పైఅధికారిని అడగడం అంటే, నేను వెళ్లిపోదామనుకుంటున్నాను అని చెప్పడమే. సీటు వస్తే సరే. రాకపోతే? రేపు ప్రమోషన్ల లిస్టు వేసేటప్పుడు ‘ఎలాగూ పోయే మనిషే కదా’ అనుకుంటే? అందుకే చాలామంది ఇప్పటి బాసుని వదిలేసి పాత బాసుని అడుగుతారు. స్కూళ్లు దాన్నీ ఒప్పుకుంటాయి. ఇప్పటివాళ్లని ఎందుకు అడగలేకపోయారో రాయమంటాయి, అంతే.

మా అమ్మాయి రెండు ఉత్తరాల్లో ఒకటి అలాగే సర్దుకుంది. మొదటి ఏడాది దాని పని చూసిన మేడమ్ ఇప్పుడు గంగవరం వైపు వేరే కంపెనీలో ఉన్నారు. ఆవిడ ఫోన్‌లోనే సరేనన్నారు. రెండోది మాత్రం ధైర్యం చేసి షిఫ్ట్ మేనేజర్‌నే అడిగింది.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదట. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ‘‘నా ఇంగ్లీషుతో నీ సీటు పోతాదేమో చూసుకోమ్మా’’ అన్నాడట. పోదని చెప్పాక ఇంకో మాటన్నాడు. ‘‘నువ్వెళ్లిపోతే నా షిఫ్టుకి చెయ్యి విరిగినట్టే. అయినా రాస్తాను. పైవాళ్లు అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నేనుగా చెప్పను. ఇష్టమేనా?’’

ఇంటికొచ్చి ఈ మాటలు చెబుతుంటే అమ్మాయి గొంతు మారింది. ఉత్తరం కోసం వెళ్తే, ఆయన నష్టమేమిటో ముందు తెలిసొచ్చింది. పని నేర్పిన మనిషిని వదిలేసి వెళ్లడానికి ఆయన సాయమే అడగడం చిన్న విషయం కాదు.

మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిన ఆనవాయితీ ఒకటుంది. ‘నువ్వే రాసుకురా, సంతకం పెట్టేస్తాను.’ అది తీరిక లేకపోవడం వల్లే తప్ప చెడు ఉద్దేశంతో అనే మాట కాదు. నా దగ్గరికీ అలా రాసుకొచ్చిన కుర్రాళ్లున్నారు. చదివితే ఒకటే ఇబ్బంది. ఏ మనిషీ తన గురించి తాను నిజంగా రాసుకోలేడు. పొగిడితే ఎక్కువవుతుంది, లోపం రాస్తే కల్పించినట్టుంటుంది. పైగా వ్యాసాల్లోనూ ఉత్తరంలోనూ ఒకే చేతి వాసన వస్తుంది. రోజూ వందలకొద్దీ చదివేవాళ్లకి అది పట్టుకోవడం కష్టం కాదు. అందుకని ఆ కాగితాలు తిరిగిచ్చేసి, చేసిన పనుల జాబితా మాత్రం అడిగి తీసుకునేవాణ్ని.

షిఫ్ట్ మేనేజర్‌దీ అదే పద్ధతని తేలింది. తీరిక దొరకదేమో, ఒక నమూనా రాసి ఇవ్వనా అని అమ్మాయి అడిగితే, ‘‘నువ్వు రాస్తే అది నీ మాటవుద్ది. నీ మాట కింద నా సంతకం ఎందుకమ్మా?’’ అన్నాడట. ఏయే పనులు ఏ నెలలో జరిగాయో ఒక పేజీలో తేదీలతో రాసిమ్మన్నాడు. రెండు వారాంతపు సెలవులు దానికే పెట్టాడు. ఇంటర్ చదివే ఆయన కొడుకు పక్కన కూర్చుని స్పెల్లింగులు చూశాడట. స్కూలువాళ్లు ఈమెయిల్‌కి పంపిన లింకులో ఆయనే ఎక్కించాడు. గడువుకి పది రోజుల ముందే పనైపోయింది.

ఏం రాశాడో మాకు తెలియదు. దరఖాస్తులోనే ఒక గడి ఉంటుంది. ఆ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నానని అభ్యర్థి అక్కడ టిక్కు పెడుతుంది. అలా పెడితేనే రాసేవాడు మొహమాటం లేకుండా రాస్తాడని వాళ్ల లెక్క. మేనమామకి ఇది అస్సలు నచ్చలేదు. ‘‘మన పిల్ల గురించి రాసిన కాగితం మనకే చూపించరా? ఏదైనా తేడాగా రాస్తే?’’ అన్నాడు. రాసుండొచ్చు. షిఫ్టు మార్పిడి గొడవ తప్పకుండా రాసే ఉంటాడు. అది లేకపోతే ఆ నోటు కథే లేదు.

ఒక స్కూలు నుంచి ఇంటర్వ్యూ లేకుండానే ‘సారీ’ అని మెయిల్ వచ్చింది. రెండో చోట ఇంటర్వ్యూకి పిలిచారు. ఈ నాలుగు ముక్కలు రాసే నాటికి ఫలితం రాలేదు. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగిన వాటిలో ఒక ప్రశ్న మాత్రం అమ్మాయి ఇంటికి రాగానే చెప్పింది. ‘‘డ్యూటీ దిగేముందు మీరు రాసే పేజీలో నాలుగు గళ్లే ఎందుకు, ఐదోది ఏమైనా ఉండాల్సిందా?’’ అని అడిగారట. అది వ్యాసాల్లో ఎక్కడా ఆ సంగతి రాయలేదు. జవాబు చెప్పేముందు ఒక్క క్షణం మాట రాలేదంది.

ఈ కబురు ఎలా పాకిందో గానీ, మా కాలనీలో ఒకబ్బాయి మొన్న కాగితం పట్టుకుని వచ్చాడు. ‘‘అంకుల్, మా జనరల్ మేనేజర్‌గారు పెద్ద పేరున్నాయన, ఆయన్ని అడగమంటారా?’’ అన్నాడు. ‘‘మీ జనరల్ మేనేజర్‌కి నీ గురించి ఏం తెలుసో రెండు నిమిషాలు చెప్పు’’ అన్నాను. అరనిమిషంలో అయిపోయింది. ‘‘మరి నీ పొరపాటు ఎవరు చూశారు, దాన్ని నువ్వు సరిచేసుకోవడం ఎవరు చూశారు?’’ అంటే, తల గోక్కుని, మెయింటెనెన్స్‌లో ఒక సీనియర్ పేరు చెప్పాడు. వెళ్లి ఆయన్ని అడగమన్నాను. గడువుకి రెండు నెలల ముందే అడగమన్నాను. ఆయన మొహమాటపడుతుంటే బలవంతపెట్టొద్దని, సగం మనసుతో రాసిన ఉత్తరం కన్నా మర్యాదగా కాదనడమే మేలు చేస్తుందనీ చెప్పాను. సీటు వచ్చినా రాకపోయినా ఫలితం ముందు ఆయనకే చెప్పాలనీ గుర్తుచేశాను. నువ్వు అడిగింది ఆయన సెలవు రోజు కదా, ఏమైందో తెలుసుకునే హక్కు ఆయనకుంది.

మా అమ్మాయికి వేరే చెప్పక్కర్లేకపోయింది. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజు దానిది రాత్రి షిఫ్టు. నాలుగు గళ్ల ప్రశ్న సంగతి షిఫ్ట్ మేనేజర్‌కి చెప్పిందట. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘ఐదో గడి ఒకటి పెడితే బాగుణ్ణేటి? రేకు ఎప్పుడొస్తాదో రాసుకోడానికి’’ అన్నాడట. ఇప్పుడు ఆ కాగితంలో ఐదు గళ్లున్నాయి.